గేమింగ్ ల్యాప్‌టాప్‌కి ఉప్పుగాలి పడదు

ముత్తుకూరులో ఇంటి దగ్గర్నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నానంటే "నీ పనే హాయి" అంటారందరూ. నిజమే. కానీ ఆ హాయంతా రెండున్నర కిలోల డబ్బా మీద ఆధారపడి ఉందని పోయిన వేసవిలోగానీ నాకు తెలిసిరాలేదు.

మూడేళ్ల కిందట ఈఎంఐలో గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. పగలు కోడింగు, రాత్రి ఆట. రెండూ ఒకదాంతోనే గడిచిపోతాయని లెక్క. గ్రాఫిక్స్ కార్డు చూశాను, ర్యామ్ చూశాను, స్క్రీన్ చూశాను. ఫ్యాన్ గురించి ఆలోచించలేదు. మొదటిరోజు దాని చప్పుడు విని మా అమ్మ "ఈ టైంలో మిక్సీ ఎవరేశార్రా?" అంది.

రెండేళ్లు బాగానే నడిచింది. మూడో వేసవిలో ఆట మొదలెట్టిన పది నిమిషాలకే బొమ్మ తడబడేది. తర్వాత ఆఫీసు పనికే ఆయాసపడటం మొదలైంది. చివరికి ఒకరోజు, తెల్లారితే క్లయింటుకి డెమో ఉందనగా, రాత్రి పదకొండింటికి ఆగిపోయింది. మళ్లీ వెలగలేదు. పొద్దున్నే ఫ్రెండు ల్యాప్‌టాప్ అడుక్కుని డెమో ఎలాగో గట్టెక్కించాను. కోడ్ ఆఫీసు సర్వర్‌లో ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నా మాట పోయేదే.

నెల్లూరులో సర్వీస్ సెంటరుకి తీసుకెళ్లాను. వారంటీ అయిపోయిందన్నారు. మదర్‌బోర్డు మార్చాలన్నారు. కొత్తదాని ధరలో దాదాపు సగం చెప్పారు. విప్పి చూపించమంటే కుదరదన్నారు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే నాయన ఒకటే అడిగాడు. "ఈ మూడేళ్లల్లో నువ్వు దాన్ని ఒక్కసారన్నా విప్పి తుడిచినావా?"

నాయనది రొయ్యల సాగు. రాత్రిళ్లు గుంటలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. అప్పుడు ఏరియేటర్ ఆగితే పంట పోయినట్టే. అందుకే మోటారు ఆగేదాకా ఆయన చూడడు. ఆగకముందే విప్పి, తుడిచి, గ్రీజు పెడతాడు. "ఉప్పుగాలిలో ఏ మోటారైనా అంతేరా" అన్నాడు.

మర్నాడు నెల్లూరులోనే ఒక చిన్న రిపేరు షాపుకి వెళ్లాను. అతను నా ఎదురుగానే విప్పాడు. వేడిని బయటికి పంపే రాగి రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది. థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా రాలుతోంది. ఒక ఫ్యాన్ తిరగడమే లేదు. ఒక కనెక్టరు మీద పచ్చగా చిలుము. ఫ్యాన్ మార్చి, చిలుము గీకి, కొత్త పేస్ట్ పూసి ఆన్ చేస్తే వెలిగింది. సర్వీస్ సెంటరు చెప్పిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు.

జరిగిందేంటంటే, ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దగ్గరికి చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట తడబడింది అందుకే. ఇంకా పెరిగితే ఆగిపోతుంది. దానికితోడు ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆ తేమకి దుమ్ము అంటుకుంటుంది, లోహం తుప్పు పడుతుంది. మా పక్కనే నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్న థర్మల్ ప్లాంటు ఉంది. అంత పెద్ద ప్లాంటుకీ చల్లబరచడమే పెద్ద పని. మన ఒళ్లో డబ్బాకి మాత్రం ఆ పని అక్కర్లేదనుకుంటాం.

గేమింగ్ ల్యాప్‌టాప్ నమ్మదగిందేనా అని అడిగేవాళ్లకి నా జవాబు: నమ్మొచ్చు, కానీ చాకిరీ ఉంది. ఆర్నెల్లకోసారి దుమ్ము దులపండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఛార్జర్ తీసేసి, ఫ్యాన్ రెక్కల్ని కదలకుండా పట్టుకోండి. రెండేళ్లకోసారి పేస్ట్ మార్పించండి. పరుపు మీద పెట్టకండి, వెనకవైపు రెండు వేళ్లంత ఎత్తు ఇవ్వండి. ఎప్పుడూ ఛార్జింగులోనే ఉంచేవాళ్లు బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించి, వాడటం అప్పటికప్పుడే ఆపేయండి. బాడీ ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతుంటే ఇంట్లో ఎర్తింగ్ చూపించండి. ముఖ్యమైన ఫైళ్లు ఇంకోచోట కూడా ఉంచండి. ఎక్కడికీ తీసుకెళ్లే పని లేకపోతే అసలు డెస్క్‌టాపే కొనుక్కోండి. దాంట్లో చెడిపోయిన ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు.

నా ల్యాప్‌టాప్ ఇంకా నడుస్తోంది. నాయన మోటార్లకి గ్రీజు పెట్టే ఆదివారం నేనూ స్క్రూడ్రైవర్ తీస్తున్నాను. పక్కన కూర్చుని ఆయన అడుగుతాడు: "ఇంత చిన్న ఫ్యానుకా అంత చప్పుడు?"