ఎవరికి దగ్గర, ఎవరికి దూరం?

2022 వేసవిలో మా ఇంట్లో సొంతిల్లు కొనే మాట మొదలైంది. నెలరోజులు తిరిగాక రెండు పేర్లు మిగిలాయి. ఒకటి నిజాంపేట, రెండోది నల్లకుంట. "నిజాంపేట దగ్గర, నల్లకుంట దూరం" అని మా బావగారు ఒక్క మాటలో తేల్చేశారు. దేనికి దగ్గర అని అడిగాను. అందరూ నా వంక వింతగా చూశారు. గచ్చిబౌలికి. అంటే మా ఆయన ఆఫీసుకి. (సభల్లో సహచరుడు అంటాను. ఈ చర్చ నడిచిన నాలుగు నెలలూ ఆయన నాకు ఆయనే!) నేను అంబర్‌పేటలో సర్కారు బడి టీచర్ని. ఇరవై రెండేళ్లుగా జీతం తెస్తున్నాను. నా బడికి ఏది దగ్గరో ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చేదాకా నాకూ తట్టలేదు.

భూమి మీద హక్కు గురించి, సమాన వేతనం గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. కానీ పట్నంలో ఒక స్త్రీ బతుకులో ఎన్ని గంటలు రోడ్డు మీద పోవాలో నిర్ణయించే ఈ సంగతిని మాత్రం 'ఇంటి విషయం' అని వదిలేస్తున్నాం. ఇంట్లో అది 'మగవాళ్లు చూసుకునే విషయం' అయిపోతుంది. ఆడవాళ్లకి వంటగది చూపించి, గట్టు ఎత్తు సరిపోయిందా అని అడుగుతారు. అంతటితో మన అభిప్రాయం తీసుకున్నట్టే లెక్క.

నిజాంపేట బ్రోకరు చాలా మర్యాదస్తుడు. తూర్పు ముఖం, క్లబ్ హౌసు, ఈత కొలను, ఐదేళ్లలో రేటు రెట్టింపు అని ఏకరువు పెట్టాడు. చివర్లో గొంతు తగ్గించి "అంతా మనవాళ్లే సార్" అన్నాడు. మనవాళ్లంటే ఎవరో విప్పి చెప్పనక్కర్లేదు. నల్లకుంట ఏమైనా తక్కువ తిందా? అక్కడ ఫ్లాటు యజమాని ధర చెప్పడానికి ముందు మా ఇంటిపేరు అడిగాడు. ఈ విషయంలో రెండు చోట్లకీ నేను సమానంగానే మార్కులు వేశాను.

అప్పుడు ఒక పని చేశాను. పాప పాత నోటుపుస్తకం తీసుకుని, వారం రోజులపాటు ఇంట్లో ఎవరు గడప దాటినా రాశాను. ఆయనవి పదకొండు ప్రయాణాలు. ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి, ఆదివారం మటన్‌కి ఒకసారి. నావి ముప్ఫై నాలుగు. బడి. బడి నుంచి వస్తూ కూరగాయలు. మా అత్తగారి మోకాళ్లకి ఫిజియోథెరపీ. పాప కోచింగు. మందుల షాపు. మంచం పట్టిన మా అమ్మ దగ్గరికి రోజు విడిచి రోజు. రిపేరుకిచ్చిన మిక్సీ. ఏదీ విడిగా లేదు, ఒకదాని కొసకి ఇంకోటి ముడివేసి ఉంది. ఆయన దారి ఒక గీత. నాది చిక్కుపడ్డ దారపుండ. ఏ ఇంటి బేరంలోనైనా 'దూరం' అంటే ఆ ఒక్క గీతనే కొలుస్తారు.

ఆ పుస్తకం పట్టుకుని రెండు చోట్లకీ మళ్లీ వెళ్లాను, ఈసారి కారు లేకుండా. నిజాంపేటలో మేం చూసిన ఫ్లాటు నుంచి జె.ఎన్.టి.యు. మెట్రో స్టేషను మూడు నాలుగు కిలోమీటర్లు. షేరాటో దొరికితే ఎక్కాలి, లేకపోతే నిలబడాలి. అక్కణ్ణించి మెట్రో, మెట్రో దిగి బస్సు. నా బడికి గంటన్నర పైన పట్టింది. సాయంత్రం ఏడున్నరకి తిరిగొచ్చేసరికి మెయిన్‌రోడ్డు నుంచి గేటు దాకా దీపం లేని దారి. బ్రోకరు ఈత కొలను చూపించాడుగాని ఆ దారి చూపించలేదు. వాళ్లు మధ్యాహ్నం పూట కార్లో తీసుకెళ్తారు కదా!

నల్లకుంట ఫ్లాటు పాతది. మూడో అంతస్తు. లిఫ్టు రెండు రోజులకోసారి మొరాయిస్తుంది, కారు పెట్టుకునే చోటు ఇరుకు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు. కానీ కూరగాయల మార్కెట్టు నడిచి వెళ్లేంత దూరం. ఫిజియోథెరపీకి విద్యానగర్‌లో ఆంధ్ర మహిళా సభ వాళ్ల దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి ఉంది. పాప చదువుకోవడానికి చిక్కడపల్లి లైబ్రరీ. నా బడికి ఒక్క బస్సు. రాత్రి తొమ్మిదింటికి కూడా దుకాణాలు తెరిచి ఉంటాయి, రోడ్డు మీద ఆడవాళ్లుంటారు. గేటు దగ్గర కెమెరా కంటే నాకు ఇడ్లీబండి దగ్గర నిలబడ్డ నలుగురు ఆడవాళ్లే ఎక్కువ రక్షణ అనిపిస్తారు. ఇక ఆయన సంగతి. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర ఒక్కసారి మారితే రాయదుర్గం వెళ్లొచ్చు. "రోజూ మారాలా!" అన్నారు. నేను ఇరవై రెండేళ్లుగా మారుతూనే ఉన్నానని గుర్తు చేశాను.

వరద విషయంలో రెండిటికీ భయం ఉంది. 2016 సెప్టెంబరులో నిజాంపేటలో భండారీ లేఅవుట్ నీట మునిగింది. నల్లకుంట వైపు నుంచి హుస్సేన్‌సాగర్ నాలా మూసీకి పోతుంది. అందుకే రెండు చోట్లా కింది అంతస్తు వద్దనుకున్నాం.

చివరికి నల్లకుంట అని ఒప్పించాను. గెలిచానని సంబరపడుతుండగా అగ్రిమెంటు చిత్తుప్రతి వచ్చింది. దాంట్లో ఒక్కరి పేరే ఉంది. ధర అరవై అయిదు లక్షలు. అందులో పద్నాలుగు లక్షలు నా జి.పి.ఎఫ్. నుంచి తీసినవి. బ్యాంకు లోను ఇద్దరి జీతాల మీద. అప్పులో నేనున్నాను, ఇంట్లో లేను! "ఇద్దరం ఒకటే కదా" అన్నారాయన. ఒకటే అయితే నా ఒక్కదాని పేరు చాలదా అన్నాను. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

ఇది నేను పట్టుదలకి పోయి అన్నమాట కాదు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి సంపాదించుకున్న ఇంట్లో, విడిపోతే భార్యకి సగం వాటా ఇచ్చే చట్టం మనకి లేదు. 2005 గృహహింస చట్టం ఇచ్చేది నివాస హక్కు. ఆ హక్కుని కూడా 2006లో సుప్రీంకోర్టు బత్రా కేసులో, భర్తకి చెందిన ఇంటికీ అతను అద్దెకు తీసుకున్న ఇంటికీ అతనికి వాటా ఉన్న ఉమ్మడి కుటుంబపు ఇంటికీ మాత్రమే కుదించింది. అత్తగారి పేరున ఇల్లుంటే కోడలు బయటే. మళ్లీ 2020లో సతీష్ చందర్ అహూజా కేసులో ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే చెప్పింది. ఈలోగా గడిచిన దాదాపు పద్నాలుగేళ్లలో బయటికి నెట్టేసిన కోడళ్లకి ఎవరు జవాబు చెప్తారు? ఇంతకీ నివాస హక్కు అంటే ఉండనిచ్చే హక్కే, సొంతం కాదు. ఇంట్లో సొంతం కావాలంటే కాయితం మీద పేరుండాలి. మాకు తెలంగాణలో రిజిస్ట్రేషను ఖర్చులన్నీ కలిపి ఏడున్నర శాతం పడింది. అప్పట్లో ఢిల్లీలో స్త్రీ పేరున కొంటే స్టాంపు డ్యూటీ 4 శాతం, పురుషుడి పేరున 6 శాతం ఉండేది. మాకూ అలాంటి తేడా ఉండి ఉంటే నా పేరు అడగకుండానే వచ్చేది. ఆ మాట ఆయన ముందే అన్నాను. దానికి ఆయన ఏమీ అనలేదు. మర్నాడు చిత్తుప్రతి మారింది. చెరి సగం.

ఈ నాలుగు నెలల్లో నేనడగని ప్రశ్న ఒకటుంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మా ఇంట్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆమె నల్లకుంట దగ్గర బస్తీలో ఉంటుంది. మేం నిజాంపేట పోతే ఆమె పని ఏమవుతుందని నా నోటుపుస్తకంలో ఎక్కడా లేదు. ఆమె నడకలు నేను లెక్కపెట్టలేదు.

2023లో కొల్లూరులో ప్రభుత్వం 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించింది. సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగు రోడ్డు దగ్గర. ఆమెకి లాటరీలో అక్కడ ఇల్లొచ్చింది. పట్టా ఆమె పేరు మీదే. చూడ్డానికి వెళ్లాను. గాలీ వెలుతురూ బాగున్నాయి, గచ్చు తళతళలాడుతోంది. ఆమె చేసే నాలుగిళ్లూ నల్లకుంటలో ఉన్నాయి. 2023 డిసెంబరు నుంచి స్త్రీలకి బస్సు ఉచితమైంది, నిజమే. కానీ బస్సులో పోయే నాలుగు గంటలకి జీతం ఎవరూ ఇవ్వరు.

"మీరు రెండు జూసి కొనుక్కున్రు టీచరమ్మా, మాకు లాటరీ ఏడ పడితే ఆడనే" అంది. అంటూనే నాకు టీ పెట్టింది.

ఇప్పుడామె బస్తీలో గదికి అద్దె కడుతూనే ఉంది. పదిహేను రోజులకోసారి కొల్లూరు వెళ్లి, ఇల్లు ఊడ్చి, తాళం వేసి వస్తుంది.