వాగు గట్టున కానుగ

మిరప కల్లాల రోజుల్లో మా ప్రాంతానికి వచ్చినవారికి నేల ఎర్రగా కనిపిస్తుంది, పత్తి తీతల రోజుల్లో తెల్లగా కనిపిస్తుంది. పచ్చని నీడ కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. గుంటూరు, ప్రకాశం రేగడి పొలాల్లో ఆ నీడ ఒకప్పుడు వాగుల వెంట ఉండేది.

మా ఊరి రేవు దగ్గర నా చిన్నతనంలో నాలుగు కానుగ చెట్లుండేవి. మొన్న వేసవిలో వెళ్ళి చూస్తే ఒక్కటే మిగిలింది. గట్టు మీద ఒక పక్క పత్తి చాళ్ళు, మరో పక్క సర్కారు తుమ్మ. రేగడి ఎండితే నెర్రెలిచ్చే మట్టి, తడిస్తే ఉబ్బి జారే మట్టి. వాన కురిసిన ప్రతిసారీ కొంత గట్టు విరిగి వాగులో కలుస్తోంది. నాలుగు చాళ్ళ ఆశకు చెట్లు కొట్టాము, ఇప్పుడు చేనే కోతకు గురవుతోంది.

కానుగ పుట్టుకతోనే ఏటి ఒడ్డు చెట్టు. కాయలు నీటిపై తేలుతూ పోయి ఒడ్డున మొలుస్తాయి. తల్లివేరు లోతుకు దిగుతుంది, పక్కవేళ్ళు వలలా మట్టిని పట్టుకుంటాయి. కొన్నాళ్ళు వరదలో నిలిచినా, నెలల తరబడి వాన లేకున్నా తట్టుకుంటుంది. వేసవి మొదట్లో లేత ఊదారంగు పూలు రాలి గట్టంతా పరుచుకుంటే, కొమ్మల్లో తేనెటీగల రొద. ఆకు పొలానికి పచ్చిరొట్ట. గింజల నూనె పురుగుల మందు. 2021లో తామరపురుగు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు కొనుక్కున్న మందు డబ్బాల ఖర్చు తలచుకుంటే, గట్టున ఉండవలసిన చెట్టు విలువ తెలుస్తుంది.

పెంచడం కష్టమేమీ కాదు. ఆ ఏటి గింజలనే తొలకరిలో నాటాలి. వాగు గర్భంలో కాక, వరద తాకి వెనుదిరిగే గట్టు మీద, చెట్టుకూ చెట్టుకూ పదిహేను అడుగుల దూరంలో నాటాలి. మొదటి రెండు వేసవులూ నీరు పోసి, కంచె కట్టి కాపాడితే చాలు.

నీడ పడితే మిరప కాయదని రైతు అంటాడు. అది నిజమే. అయితే కానుగ ఎంత నరికినా మళ్ళీ చిగురిస్తుంది. ఏటా దుక్కికి ముందు కొమ్మ కొట్టి పొలంలో తొక్కితే నీడ తగ్గుతుంది, ఎరువూ దక్కుతుంది.

వాగు పోరంబోకు ఎవరిదీ కాదనుకోబట్టే గట్టు ఇలా అయింది. అది అందరిదీ అనుకుని ఈ తొలకరికి తలా పది గింజలు నాటలేమా? నేను ఆ మిగిలిన చెట్టు కింద ఒక సంచెడు కాయలు ఏరి తెచ్చాను.