క్రిందిదారము చిక్కు

మన నేతయిండ్లలోనికిని కంప్యూటరు కుట్టుమిషను వచ్చినది. గుడ్డ అడుగున దారము ఉండకట్టగనే పని నిలిపి మెకానిక్కుకై కాచుకొనుట పరిపాటియైనది. పోవునది మన ఆడువారి ఒకనాటి కూలి. ఈ నష్టము చాలవరకు అనవసరమని మా అభిప్రాయము.

అడుగున చిక్కుపడినను తప్పు తరచు పైదారముదే. ఫుట్ దించియుండగా ఎక్కించిన దారము బిగువుబిళ్లల నడుమ కూర్చొనదు. ఫుట్ ఎత్తి మరల ఎక్కించవలెను. పిదప స్విచ్చి ఆపి, బాబిను తీసి, పీచును కుంచెతో తుడువవలెను, నోట ఊదరాదు. కొన్ని మిషనులలో పీచు అడ్డుపడిన, దారముండగనే అయిపోయినదని తెర చూపును. పైనుండి వేయు బాబిను సామాన్యముగా గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగవలెను. మిషనుకు చెప్పిన బాబినునే వాడవలెను.

నాడెలో కండె సరిగా లేనిదే పేక సాగదని ఎరిగిన మనకిది కొత్త విద్య కాదు. మిషను అమ్మువారు ఈ పనులను కుట్టువారిచేతనే చేయించి నేర్పవలెనని సంఘములు పట్టుపట్టవలెను.