ఐపీ అడ్రస్‌కు కులం లేదు, బయటపడే పేరుకు ఉంది

2025 నవంబరులో ఐబొమ్మ నిర్వాహకుడిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు మీడియా అంతా సినిమా పరిశ్రమ నష్టాల గురించే మాట్లాడింది. అతని దగ్గర సుమారు 50 లక్షల మంది వాడకందారుల డేటా ఉందని నగర పోలీస్ కమిషనర్ వి.సి. సజ్జనార్ అప్పుడే చెప్పారు. ఆ డేటా ఎవరిది, రేపు ఎవరి చేతికి పోతుంది అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించలేదు. మనం అడగాల్సింది ఆ ప్రశ్నే.

ఎందుకో అర్థం కావాలంటే నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు, కొండాపురం లాంటి మండలానికి రావాలి. గ్రూప్-2కో డీఎస్సీకో చదివే ఎస్సీ కాలనీ పిల్లలకు నగరంలో కోచింగ్ ఫీజు కట్టే స్తోమత ఉండదు. టెలిగ్రామ్‌లో దొరికే పీడీఎఫ్‌లే వాళ్ల లైబ్రరీ. సిమ్ము నాన్న పేరు మీద ఉంటుంది, ఫోను అన్నాచెల్లెళ్లు పంచుకుంటారు, హాట్‌స్పాట్ పక్కింటికీ అందుతుంది. పైగా మొబైల్ కంపెనీలు ఒకే ఐపీ అడ్రస్‌ను ఒకేసారి చాలామందికి పంచుతాయి. కేసు పడి కంపెనీ పేరు ఇస్తే వచ్చేది కనెక్షన్ తీసుకున్న మనిషి పేరు. ఫైలు పంపింది ఆ మనిషేనని దానివల్ల రుజువు కాదు.

ఇది ఊహించుకున్న భయం కాదు. తన పాఠాలను, పుస్తకాలను టెలిగ్రామ్ ఛానళ్లలో పంచుతున్నారని కోచింగ్ టీచర్ నీతూ సింగ్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. అడ్మిన్ల వివరాలు ఇవ్వడానికి తమ సర్వర్లున్న సింగపూర్ చట్టాలు ఒప్పుకోవని టెలిగ్రామ్ వాదించింది. 2022 ఆగస్టు 30న కోర్టు ఆ వాదన తోసిపుచ్చి ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు, ఐపీ అడ్రస్‌లు సీల్డ్ కవర్‌లో ఇవ్వమంది. టెలిగ్రామ్ ఇచ్చింది. ఆ డేటాను కేసుకు తప్ప వాడొద్దని వాదికి షరతు పెడుతూనే, పోలీసులకు ఇవ్వవచ్చని కోర్టు చెప్పింది.

టీచర్ కష్టాన్ని దొంగిలించి అమ్ముకునేవాళ్లను వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. ఆ దందా నడిపేవాడినీ, చదువుకోవడానికి స్నేహితులకు ఫైలు పంపిన విద్యార్థినీ ఒకే గాటన కట్టకూడదన్నదే మా వాదన. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్లు. ఇది కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరమని సుప్రీంకోర్టు 2022 మే 20న నిట్ ప్రో కేసులో తేల్చింది. అంటే పేరు తెలిస్తే వారెంటు లేకుండానే అరెస్టు చేయవచ్చు. పోలీస్ స్టేషన్ గడప తొక్కితే దళిత కుర్రాడికి ఏం జరుగుతుందో మన పాఠకులకు వివరించనక్కర్లేదు.

గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం చట్టబద్ధ హక్కు అమలు కోసం డేటా వాడుకునేవాళ్లకు సెక్షన్ 17లో అనేక మినహాయింపులిచ్చింది. దావా వేసే కంపెనీకి తలుపు తెరిచింది. పేరు బయటపడే మనిషి వాదన ముందే వినాలన్న నియమం మాత్రం అందులో లేదు.

ఆస్ట్రేలియాలో ఏం జరిగిందో చూడండి. డల్లాస్ బయ్యర్స్ క్లబ్ సినిమా హక్కుదారులు 4,726 ఐపీ అడ్రస్‌ల వెనకున్న పేర్లు కావాలన్నారు. కోర్టు 2015లో సరేనంది. అయితే చందాదారులకు పంపే ఉత్తరం ముందు తనకు చూపించాలంది. వాళ్లను బెదిరించి పెద్ద మొత్తాలు గుంజకుండా 6 లక్షల డాలర్ల పూచీ కట్టమంది. చివరికి ఆ కేసు ముందుకు సాగలేదు.

మనకు అజ్ఞాతం విలాసం కాదు. ఊళ్లో దేవాలయ ప్రవేశం గురించో, కూలి రేట్ల గురించో రాసే దళిత విద్యార్థికి మారుపేరే కవచం. ఆ పేజీలో ఒక ఫోటోనో వీడియో ముక్కనో పట్టుకుని కాపీరైట్ దావా వేస్తే, పేరు బయటపెట్టించడానికి అదే దారి పనికొస్తుంది. అంబేద్కర్ జీవించి ఉండగా ప్రచురితమైన మూల రచనల కాపీరైట్ 2016తో ముగిసింది, వాటిని ఎవరైనా పంచుకోవచ్చు. తెలుగు అనువాదాల హక్కులు వేరు. ఈ తేడా తెలియని విద్యార్థి నోటీసు చూడగానే భయపడి అన్నీ తీసేస్తాడు.

కాబట్టి మూడు విషయాలు అడుగుదాం. పేరు ఇచ్చే ముందు చందాదారుకు నోటీసు ఇచ్చి, పేరు చెప్పకుండానే లాయరు ద్వారా వాదించుకునే అవకాశం ఇవ్వాలి. లాభం కోసం అమ్మేవాళ్లను, చదువు కోసం పంచుకునేవాళ్లను వేరుగా చూడాలి. సివిల్ కేసులో ఇచ్చిన పేరు కోర్టు మళ్లీ అనుమతిస్తే తప్ప పోలీసులకు చేరకూడదు. ఈలోగా నోటీసు అందినవాళ్లు ఒంటరిగా సంతకాలు పెట్టొద్దు, డబ్బు కట్టొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది.