మధ్య పదం ఎక్కడినుంచి వచ్చింది?

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో లక్కగాజులు చేసేచోట కాసేపు నిలబడి చూడండి. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి, రెండు కొసలనూ వేడితో అతుకుతారు. పైన రాళ్లు అద్దాక ఆ అతుకు మన కంటికి ఆనదు. చేసినవారికి మాత్రం ఎక్కడుందో తెలుసు.

కారణాంకాల లెక్కలో మీకు కష్టమనిపించేది ఇలాంటి అతుకే. తెలియని రాశికి 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ‘యా’ అని వాడాడు. మనం ‘య’ అందాం. (య + 3)ను (య + 4)తో గుణించండి. య² + 4య + 3య + 12 వస్తుంది. వెంటనే 4య, 3య కలిపి 7య అని రాసేస్తాం. అతుకు మాయం!

మర్నాడు య² + 7య + 12 అని నల్లబల్ల మీద రాసి, విడగొట్టమంటాం. ‘కలిపితే 7, గుణిస్తే 12’ అన్న సూత్రాన్ని మీరు బట్టీపడతారు. ఈ పద్ధతి నాకు నచ్చదు. గుణకారం నేర్పేటప్పుడే ఆ నాలుగు పదాల వరుసను కొన్నాళ్లు కలపకుండా ఉంచితే, సూత్రం మీకే తడుతుంది.

మరి య² + 7య + 11 ఇస్తే? గుణిస్తే 11 వచ్చేవి 1, 11 మాత్రమే; వాటి మొత్తం 12. రెండూ ఋణ సంఖ్యలైతే మొత్తం -12. ఎంతసేపు కూర్చున్నా పూర్ణాంకాలతో ఇది విడిపోదు. అభ్యాసాలలో ఇలాంటివీ ఉండాలి. ఎప్పుడూ విడిపోయేవే ఇస్తే, విడిపోనిది ఎదురైన రోజున పిల్లలు తమ తెలివినే శంకించుకుంటారు.

య² + 7య + 6, య² + 7య + 8, య² + 7య + 10. వీటిలో విడిపోనిది ఏదో, ఎందుకో మీరే తేల్చండి.