ఇల్లే కార్ఖానా అయితే నష్టం ఎవరిది?

సూరత్‌లో తయారయ్యే చీరలలో చాలా భాగం రింగ్ రోడ్డులోని టోకు మార్కెట్లకు చేరే ముందు ఏదో ఒక చిన్న అద్దె గదిలో మజిలీ చేస్తుంది. మరమగ్గంపై నేత, ఆపై అద్దకం పూర్తయిన చీరకు అంచున లేసు కుట్టడం, రాళ్లు అతికించడం, ఎంబ్రాయిడరీ వెనుక మిగిలిన దారాలు కత్తిరించడం వంటి పనులను వలస కుటుంబాల స్త్రీలు ఇళ్ల వద్దే చేస్తుంటారు. వారికి కూలి గంటల లెక్కన కాదు, చీరల లెక్కన ముడుతుంది.

ఈ వలస కుటుంబాలలో తెలుగువారూ ఉన్నారు. స్వస్థలంలో చేనేత దెబ్బతిన్న దశలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీ కుటుంబాలు అనేకం సూరత్, భివండి, షోలాపూర్‌లలోని మరమగ్గాలను ఆశ్రయించాయి. 2017 అక్టోబరులో వరంగల్ వద్ద కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, ఇలా వెళ్లినవారిని తిరిగి రప్పించడం కూడా దాని లక్ష్యమని నాటి తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. మగ్గం కూలి ఒక్కదానితో ఇల్లు గడవని చోట ఇల్లాలు కూడా చీరల పని అందుకుంటుంది. కొన్నాళ్లకు ఆమెకు సహజంగానే ఒక ఆలోచన కలుగుతుంది: ఇదే పనిని సొంత వ్యాపారంగా ఎందుకు మలచుకోకూడదు?

ఆలోచన మంచిదే. అయితే సొంత వ్యాపారానికి సన్నాహమంటే కుట్టు మిషను కొనడం, అప్పు తెచ్చుకోవడం మాత్రమే అన్న అభిప్రాయం ప్రబలంగా ఉంది. నిజానికి తొలి సన్నాహం లెక్క. ఉదాహరణకు చీరకు 10 రూపాయల చొప్పున రోజుకు 30 చీరలు కుట్టే స్త్రీకి 300 రూపాయలు వస్తాయనుకుందాం. దారం, సూదులు, విద్యుత్తు, సరుకు తెచ్చి ఇచ్చే ఆటో ఖర్చులకు 60 రూపాయలు పోతాయి. పది రోజులకు ఒక చీర పాడై 300 రూపాయలు కోత పడితే రోజుకు మరో 30 తగ్గుతుంది. మిగిలేది 210. ఎనిమిది గంటల శ్రమకు ఇది గంటకు 26 రూపాయలు. మిషను వాయిదా, పని దొరకని రోజులు ఈ లెక్కలోకి ఇంకా రానేలేదు.

ఇక్కడే అసలు ప్రశ్న ఉత్పన్నమవుతుంది. సరుకు, డిజైను, ధర మూడూ వర్తకుడే నిర్ణయిస్తున్నప్పుడు ఆమె వ్యాపారి ఎలా అవుతుంది? 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి యజమాని కోసం తన ఇంట్లోనో, తాను ఎంచుకున్న మరో చోటనో ప్రతిఫలానికి పనిచేసే వ్యక్తిని గృహాధారిత కార్మికురాలిగానే నిర్వచించింది. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఇటువంటి వారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడికను ఆమోదించగా, భారత్ దానిని ధ్రువీకరించలేదు. గుజరాత్‌లోనే 1972లో ఇలా భట్ స్థాపించిన ‘సేవా’ సంస్థ ఇంటి వద్ద పనిచేసే స్త్రీలను కార్మికులుగా గుర్తించాలని దశాబ్దాలుగా పోరాడుతూ వచ్చింది. కార్మికురాలికి ‘వ్యాపారి’ అన్న పేరు తగిలిస్తే లాభం చేతులు మారదు, నష్టం మాత్రమే మారుతుంది. గది అద్దె, కరెంటు బిల్లు, పాడైన చీర ఆమె ఖాతాలోకి చేరతాయి.

నిజంగానే వ్యాపారి కాదలచిన వారికి మాత్రం చట్టం కొంత అండ ఇస్తున్నది. ఆధార్, పాన్‌లతో రుసుము లేకుండా ‘ఉద్యమ్’ నమోదు పొందవచ్చు. ఉత్పత్తి లేదా సేవలు అందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు వ్రాతపూర్వక ఒప్పందం లేకుంటే 15 రోజులలో, ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకుండా బకాయి చెల్లించాలని 2006 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. జాప్యం జరిగితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా చెల్లించాలి. గడువు దాటిన బకాయికి, చెల్లించేవరకూ ఆదాయ పన్ను లెక్కలో మినహాయింపు ఉండదని 2023 బడ్జెట్ సవరించినప్పుడు, నెలల తరబడి అరువుపై నడిచే సూరత్ జౌళి వర్తకంలో కలవరం రేగింది. నమోదైన చిన్నవారిని కొనుగోలుదార్లు దూరం పెడతారేమోనన్న భయమూ వ్యక్తమైంది. ఏమైనా, సరుకు అప్పగించిన తర్వాత కాక, మొదటి ఆర్డరుకు ముందే నమోదు పూర్తి చేసుకోవడం వివేకం. కేవలం కొని అమ్మేవారికి ఈ 45 రోజుల రక్షణ వర్తించదన్నది గమనార్హం.

పన్ను విషయంలోనూ ఒక చిక్కు ఉంది. జాబ్ వర్క్ సేవ కిందికి వస్తుంది కనుక ఏటా 20 లక్షల రూపాయల రాబడి వరకు జీఎస్టీ నమోదు అవసరం లేదు. సరుకు అమ్మేవారికి గుజరాత్‌లో ఈ పరిమితి 2019 ఏప్రిల్ నుంచి 40 లక్షలు. అయితే ఈ మినహాయింపు రాష్ట్ర సరిహద్దు వద్దే ఆగిపోతుంది. సూరత్‌లో కొన్న చీరను ఫోనులో బొమ్మ చూపి కరీంనగర్‌లోని చుట్టాలకు అమ్మితే, విలువ ఎంత స్వల్పమైనా అది అంతర్రాష్ట్ర విక్రయమే, నమోదు తప్పనిసరి. నమోదు లేని చిన్న విక్రేతలు ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్ముకోవడానికి 2023 అక్టోబరు నుంచి ఇచ్చిన వెసులుబాటు సైతం రాష్ట్రం లోపలి అమ్మకాలకే పరిమితం. ఊరి బంధుత్వమే పెట్టుబడిగా వ్యాపారం మొదలుపెట్టే వలస కుటుంబానికి ఇది నేరుగా తగిలే నిబంధన.

పెట్టుబడికి 2015లో ఆరంభమైన ముద్ర పథకం ఉంది. అందులోని ‘శిశు’ విభాగం కింద 50 వేల రూపాయల వరకు తాకట్టు లేకుండా రుణం పొందవచ్చు. కానీ అప్పు వాయిదా ప్రతి నెలా వస్తుంది, చీరల పని మాత్రం పండుగలు, పెళ్లిళ్ల సీజన్లను బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలు ఆగిపోయినప్పుడు చేతిలో పైకం లేని కుటుంబాలు ఎంత వేగంగా రోడ్డున పడ్డాయో దేశం చూసింది. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు, వాయిదాల మొత్తం పక్కన లేనిదే మిషను కోసం అప్పు చేయడం సాహసమే.

కనుక ఇంటి వ్యాపారానికి దిగే వారు మిషను ధర అడిగే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ధర నిర్ణయించే అధికారం నాకు ఉందా? ఒక్కరు కాక కనీసం ఇద్దరు ముగ్గురు కొనుగోలుదార్లు ఉన్నారా? ఇచ్చిన సరుకుకు, రావలసిన సొమ్ముకు చిట్టీ ఉందా? మూడింటికీ జవాబు ‘లేదు’ అయితే అది వ్యాపారం కాదు, కూలియే. కూలి అయినప్పుడు ఆమెకు కావలసింది రుణమేళా కాదు, న్యాయమైన రేటు. స్వయం ఉపాధి అంకెలను ఘనంగా ప్రకటించే ప్రభుత్వాలు ఈ తేడాను విస్మరించరాదు.