సంకెల వైద్యము కాదు

మతి చలించినవారిని ఇంట దాచుట మన కుటుంబములలో నేటికిని పరువుగా చెల్లుచున్నది. మధుమేహమునకు జీవితాంతము మాత్రలు మ్రింగించు పెద్దలే, మనోవ్యాధికి మందనగానే “పెండ్లి సంబంధములు తప్పిపోవును” అని తలుపు మూయుదురు. కొంత నెమ్మదింపగానే మందు మాన్పింతురు. వ్యాధి తిరుగబెట్టినచో వైద్యుని నిందింతురు. మందు వలన మగతయు, చేతివణుకును కలుగుచున్నవని రోగి మొరపెట్టుకొన్నచో దానిని పిచ్చిమాటగా త్రోసివేయుదురు. వైద్యునికి తెలిపినచో మోతాదు సవరింపవచ్చును గదా!

దైవదర్శనమునకు కొనిపోవుటను మేము కాదనము. అచట గొలుసు వేసి విడిచివచ్చుటను ఖండించుచున్నాము. 2001 ఆగస్టు 6వ తేదీన రామనాథపురం జిల్లా ఏర్వాడి దర్గా చెంతనున్న ఆశ్రయములో నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడియున్న రోగులు 28 మంది మరణించిరి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసులను నిషేధించినది. చికిత్స వివరములను రోగికి తెలిసిన భాషలో చెప్పవలెననియు శాసించినది. కావున తమిళనాట నున్నను, కన్నడసీమ నున్నను, “తెలుగున చెప్పుడు” అని ఆసుపత్రిలో అడుగుట యాచన కాదు, హక్కు.

భాషాహక్కులకై సభలు జరుపు మనము, ఇంటిలోని రోగి నోరు నొక్కుట న్యాయమా? వ్యాధిని దాచి నిలుపుకొను పరువు మనకు వలదు.